అదను – పదను

ఉద్దేశం

చిత్తడి నేలలను జలపక్షులకు, ఇతర వన్యప్రాణులకు అనువుగా నిర్వహించడం ఒక శాస్త్రమని తెలియజేయడం. రాయలసీమ చెరువులను రైతు కంటితోను, పరిశోధకుని కంటితోను చూడగల దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠ్యాంశ ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

తెలుగు రైతు నోట ‘అదను’, ‘పదను’ అనే మాటలు జంటగా వినిపిస్తాయి. పనికి తగిన సమయం అదను. విత్తు మొలకెత్తడానికి నేలలో ఉండవలసిన తగుమాత్రపు తడి పదను. ఈ రెండూ కుదరనిదే పైరు లేదు. జలపక్షుల జీవనాన్ని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు కూడా చివరకు ఇదే సూత్రానికి చేరుకోవడం విశేషం. ఆ పరిశోధనల సారాన్ని, సీమ నేలకు వాటితో గల సంబంధాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠ్యభాగం

కోనేరు – చెరువు

నంద్యాలకు తూర్పున, నల్లమల కొండల పాదంలో వెలసిన శైవక్షేత్రం మహానంది. అక్కడి కోనేటికి నీరిచ్చే ఊట ఏడాది పొడవునా ఆగదు. వచ్చిన నీరు వచ్చినట్లే వెలుపలికి పోయే ఏర్పాటు ఉన్నందున కోనేటి మట్టం ఎండకాలంలోను, వానకాలంలోను ఇంచుమించు ఒకే తీరుగా నిలుస్తుంది. అడుగున పడిన నాణెం పైకి కనిపించేటంత తేటదనం ఆ నీటిది. వెలుపలికి సాగిన నీరు చుట్టుపక్కల అరటితోటలను, పొలాలను తడుపుతున్నది.

రాయలసీమలో ఇటువంటి చోట్లు అరుదు. కొండ పాదాన్ని వదలి మైదానంలోకి వస్తే కనిపించేవి ఎక్కువగా వానపై ఆధారపడిన చెరువులు. మంచి వానలు పడిన ఏట అవి ఆశ్వయుజ, కార్తిక మాసాలకు నిండుతాయి. మాఘ, ఫాల్గుణాలకు తగ్గుతాయి. వైశాఖానికి అడుగు నెర్రెలు విచ్చుతుంది. కోనేరు నిలకడకు గుర్తు అయితే, చెరువు మార్పునకు గుర్తు. నిలకడే మేలనీ, మార్పు లోపమనీ చూపరులకు తోచడం సహజం. జలపక్షుల విషయంలో మాత్రం సంగతి వేరు. అడుగు కనిపించే తేటనీటిలో బాతుకు దొరికే మేత స్వల్పం. నిండి, తగ్గి, ఎండి, మరల నిండే చెరువులోనే వాటికి కావలసిన గింజ, గడ్డ, పురుగు, నత్త, చేప సమృద్ధిగా పుడతాయి.

చిత్తడి నేల అంటే ఏమిటి?

1971 ఫిబ్రవరి 2వ తేదీన ఇరాన్ దేశంలోని రామ్‌సార్ పట్టణంలో చిత్తడి నేలల పరిరక్షణకై ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఏటా ఫిబ్రవరి 2ను ప్రపంచ చిత్తడి నేలల దినంగా పాటించడానికి కారణమిదే. 1982లో భారతదేశం ఆ ఒప్పందంలో చేరింది. సహజమైనదైనా మనిషి నిర్మించినదైనా, ఏడాది పొడవునా నీరున్నా కొన్ని నెలలే ఉన్నా, నీరు నిలిచినా పారినా, అది మంచినీరైనా ఉప్పునీరైనా, ఆ తావు చిత్తడి నేలయే అని ఆ ఒప్పందం నిర్వచించింది. సముద్రతీరంలో పాటు సమయాన ఆరు మీటర్లకు మించని లోతు గల నీటిని కూడా అందులో చేర్చింది. ఈ నిర్వచనం ప్రకారం ఊరి చెరువు, కుంట, వాగు మడుగు అన్నీ చిత్తడి నేలలే. ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేరు సరస్సుకు 2002లో రామ్‌సార్ జాబితాలో స్థానం లభించింది.

లోతు లెక్క

జలపక్షులన్నీ ఒకే నీటిలో తిరుగుతున్నట్లు దూరం నుండి కనిపిస్తుంది. దగ్గరగా పరిశీలిస్తే ఒక్కొక్క జాతి ఒక్కొక్క లోతును తన పొలంగా చేసుకొని ఉంటుంది. ఉల్లంకుల వంటి చిన్న పక్షులకు తడి బురద, దానిపై రెండు మూడు అంగుళాల నీరు చాలు; ముక్కును బురదలో గుచ్చి పురుగులను ఏరుకుంటాయి. సూదితోక బాతు వంటివి తల నీటిలో ముంచి, తోక పైకెత్తి, అడుగున ఉన్న గింజలను అందుకుంటాయి. వాటి మెడ అందేది అడుగు లోతు వరకే. కొంగలు కాలి పొడవును బట్టి మోకాలి లోతులో నిలుస్తాయి. నీటికాకులు, మునిగే బాతులు అంతకంటే లోతైన నీటిని కోరుకుంటాయి. గూడబాతు సంచి వంటి గొంతుతో చేపలను నీటితో సహా తోడుకుంటుంది.

దీనిని బట్టి ఒక సంగతి తేటతెల్లమవుతున్నది. చెరువులో నీరు ఎంత ఉన్నది అన్నదానికంటే, ఏ లోతు నీరు ఎంత మేర పరచుకొని ఉన్నది అన్నది పక్షులకు ముఖ్యం. ఏటవాలుగా, పళ్లెం వలె విశాలంగా ఉన్న చెరువులో అన్ని లోతులూ ఉంటాయి. పూడిక తీసే పేరిట అంచులను నిట్టనిలువుగా కోసి గిన్నె వలె మార్చిన చెరువులో నీరు ఎక్కువే నిలవవచ్చు. కానీ అందులో ఉల్లంకికి నిలువ చోటుండదు; బాతుకు మేత అందదు. పూడిక తీయడం రైతుకు అవసరమే. అయితే కట్ట వైపు లోతు చేసి, ఎగువ వైపు వాలును అట్లే ఉంచినచో ఇరువురి అవసరమూ తీరుతుంది.

మిస్సోరి పాఠం

లోతు తెలిసిన పిదప తెలియవలసినది కాలం. అమెరికాలో వలస బాతులకై నీటి మడుగులను నిర్వహించే అధికారులు ఎదుర్కొన్న ప్రశ్న ఇదే. మిస్సోరి విశ్వవిద్యాలయానికి చెందిన గేలార్డ్ స్మారక ప్రయోగశాలలో పరిశోధకులు, పరిశోధక విద్యార్థులు ఈ ప్రశ్నపై ఏళ్ల తరబడి కృషి చేశారు. లీ ఫ్రెడ్రిక్సన్, స్కాట్ టేలర్ అనే శాస్త్రవేత్తలు 1982లో వెలువరించిన గ్రంథం ఈ రంగంలో ప్రామాణికంగా నిలిచింది.

వారి పద్ధతి సరళమైనది. ఏడాది పొడవునా మడుగును నింపి ఉంచరాదు. వసంత, గ్రీష్మాలలో నీటిని మెల్లమెల్లగా దించాలి. బయటపడిన బురదలో ఊద వంటి గడ్డిజాతులు, తుంగలు విత్తకుండానే మొలుస్తాయి. అవి గింజ పట్టిన తరువాత, వలస పక్షులు వచ్చే శరత్కాలానికి పలుచగా నీరు పెట్టాలి. నీట మునిగిన ఆకులలో పురుగులు పుడతాయి; గింజలు నీటిలో తేలుతాయి. వచ్చిన అతిథికి పంక్తి సిద్ధంగా ఉంటుంది. నీరు ఒక్కసారిగా దించితే ఒక రకం మొక్కలు, మెల్లగా దించితే మరొక రకం మొక్కలు వస్తాయి. ముందు దించితే ఒక ఫలితం, ఆలస్యంగా దించితే వేరొక ఫలితం. అదను, పదను అంటే ఇదే గదా!

రాయలసీమ చెరువు ఈ పనిని తనకు తెలియకుండానే చేస్తున్నది. మధ్య ఆసియా, సైబీరియా ప్రాంతాల నుండి బాతులు మన దేశానికి వచ్చేది చెరువులు నిండిన కాలంలోనే. రైతులు తూము ఎత్తి పైరుకు నీరు విడిచిన కొద్దీ మట్టం దిగుతుంది. ఒడ్డున రోజుకొక కొత్త బురద పట్టీ బయటపడుతుంది. శీతకాలం పొడవునా ఒక్కొక్క జాతికి దాని వంతు మేత అందుతుంది. తూము నీరు పొలానికి చేరుతుంది. తూము దించిన మట్టం పక్షికి మేతవుతుంది. రైతుకు, పక్షికి మధ్య స్పర్ధ వచ్చేది చివరి దశలోనే. అడుగున మిగిలిన నీటిని కూడా పూర్తిగా తోడివేసినప్పుడు, లేదా చేపల కోసం చెరువును ఒక్కసారిగా ఖాళీ చేసినప్పుడు పక్షులు హఠాత్తుగా నిరాశ్రయాలవుతాయి.

గూడు కట్టే చోటు

మేత ఒక ఎత్తు, గూడు మరొక ఎత్తు. తిరుపతి జిల్లాలోని నేలపట్టు గూడబాతులకు ప్రసిద్ధ స్థావరం. 1976లో దానిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 1980వ దశకం తొలినాళ్లలో ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకుడు వి. నాగులు తన డాక్టరేట్ పట్టం కోసం ఈ గూడబాతుల ఆహారాన్ని, సంతానోత్పత్తిని అధ్యయనం చేశారు. ఆచార్య జె.వి. రమణారావుతో కలిసి దక్షిణ భారతంలోని గూడబాతుల స్థావరాల సర్వేను 1983లో ప్రచురించారు. ఇటువంటి పరిశోధకుని పని ఆడంబరం లేనిది. గూళ్లు లెక్కించాలి, గుడ్లు, పిల్లల సంఖ్య నమోదు చేయాలి, తల్లి పక్షి ఏ దిక్కుకు పోయి ఎంతసేపటికి తిరిగి వచ్చినదో గడియారం చూసి రాయాలి. వాన, ఎండ, దోమ అన్నింటినీ ఓర్చుకోవాలి.

నేలపట్టు గూడబాతులు చెరువు నీటిలో నిలిచిన చెట్లపై గూళ్లు కడతాయి. మేతకు మాత్రం పులికాట్ సరస్సుకు వెళ్లి వస్తాయి. చెట్టు చుట్టూ నీరున్నంత కాలం నేల మీది శత్రువులు గూటిని చేరలేవు. అంటే, ఒక పక్షిని కాపాడాలంటే రెండు నీటి తావులను కాపాడాలి. గూడున్న చెరువు ఎండినా, మేతనిచ్చే సరస్సు చెడినా ఆ సంతతి నిలవదు.

రాయలసీమకు కూడా ఈ చరిత్రలో స్థానమున్నది. 1902లో కడప జిల్లాలోని బుచ్చుపల్లె వద్ద గూడబాతులు ఎర్రకాళ్ల కొంగలతో కలిసి గూళ్లు కట్టుకొని ఉండగా చూసినట్లు నమోదైంది. ఆ తరువాత ఆ స్థావరం మరెవరికీ కనిపించలేదు. లెక్క వ్రాసేవారు లేకపోతే ఒక పక్షుల ఊరు ఎట్లా మాయమైనదో చెప్పేవారు కూడా ఉండరు.

ఆ జిల్లాలోనే ఉన్న పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు నిర్మింపజేశాడు. 1369 నాటి అక్కడి శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండరాని ఆరు దోషాలను పేర్కొన్నది. చెరువు గర్భంలో తాబేటి వీపు వలె మెరక ఉండడం ఆ దోషాలలో ఒకటి. నీటి నిల్వ తగ్గుతుంది గనుక ఇంజనీరు దృష్టిలో అది దోషమే. కానీ నడినీటిలోని ఆ మెరకయే పక్షికి శత్రుభయం లేని ద్వీపం. ఇంజనీరుకు దోషమైనది పక్షికి ఆశ్రయమవుతున్నది. ఒకే నేలను ఇద్దరు ఎట్లా వేర్వేరుగా చూస్తారో తెలుసుకొని, ఇద్దరికీ పనికివచ్చే మార్గాన్ని వెదకడమే నిర్వహణ.

పశువుల మేత

పరిశోధన లేని సదుద్దేశం కూడా ఒక్కొక్కసారి కీడు చేస్తుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ ఉద్యానవనమే ఇందుకు నిదర్శనం. అక్కడ గ్రామస్థుల గేదెలు మేయడం పక్షులకు చెరుపు అని భావించి 1982లో మేతను నిషేధించారు. దానిపై చెలరేగిన ఘర్షణలో కొందరు గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు. కానీ తరువాత జరిగినది వేరు. గేదెలు తినే గడ్డి అదుపు లేక అల్లుకొని నీటిని కప్పివేసింది. బాతులు ఈదే తెరపి నీరు తగ్గింది. చేపలకు, మొక్కలకు ఎదుగుదల లేకపోయింది.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు వి.ఎస్. విజయన్ నాయకత్వంలో 1980 నుండి పదేళ్లు అక్కడ పరిశోధించి, గేదె ఆ చిత్తడి నేలకు శత్రువు కాదని, దాని సమతౌల్యంలో భాగమని తేల్చారు. నిషేధానికి ముందే ఆ పరిశోధన పూర్తయి ఉంటే ఎన్నో నష్టాలు తప్పి ఉండేవి.

నీరు చేరవలసిన చోటు

నీరు ఎక్కడైనా మేలే చేస్తుందనుకోవడం మరొక పొరపాటు. నందికొట్కూరుకు సమీపంలోని రోళ్లపాడు గడ్డి మైదానాన్ని బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పక్షి మెట్టభూముల నివాసి. జొన్న, కొర్ర వంటి వర్షాధారపు పొలాలు, బీళ్లు దానికి ఇష్టం. ఆ ప్రాంతానికి కాలువల నీరు వచ్చిన తరువాత సాగు విధానం మారింది, జనసంచారం పెరిగింది. సమీపంలోని అలగనూరు జలాశయానికి నీటిపక్షులు చేరాయి. బట్టమేకపిట్ట మాత్రం క్రమంగా కనుమరుగైంది. నీరు కొన్ని రెక్కలను పిలిచింది. కొన్ని రెక్కలను సాగనంపింది. ఇందులో కాలువ కోరుకున్న రైతు తప్పు లేదు. మైదానానికి ఏమవుతుందో ముందుగా లెక్క వేయకపోవడమే లోపం.

కడప జిల్లాలోని కలివికోడి కథ ఇందుకు భిన్నంగా నడిచింది. అంతరించినదని భావించిన ఈ పక్షి 1986లో లంకమల ప్రాంతంలో మరల కనిపించింది. రాత్రివేళ మాత్రమే సంచరించే ఆ పక్షిని చూడడం దుర్లభం. పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, వాటిపై పడిన అడుగుజాడలను బట్టి దాని నివాసాన్ని గుర్తించే పద్ధతిని పి. జెగనాథన్, ఆయన సహ పరిశోధకులు అనుసరించారు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదలను సమీపించినప్పుడు ఈ పరిశోధన సమకూర్చిన ఆధారాలు ఉపకరించాయి. తరువాత కాలువ మార్గాన్ని మార్చారు. నీరు ఆగలేదు, పక్షి నివాసమూ పోలేదు. మట్టిపై అచ్చుపడిన చిన్న అడుగుజాడ ఒక పెద్ద కాలువ దిశను మార్చింది.

ఊరి అండ

శాస్త్రం మార్గం చూపగలదు, నడవవలసినది ప్రజలు. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని వీరాపురానికి ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్లపై గూళ్లు కడతాయి. వాటిని సైబీరియా కొంగలని పలువురు పిలుస్తారు గాని, అవి మన దేశపు పక్షులే. కాన్పుకై పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా గ్రామస్థులు వాటిని భావిస్తారు. వాటికి హాని జరగనివ్వరు. కానీ చెరువులు ఎండిన ఏళ్లలో చేపలు దొరకక ఆ పక్షులు పిల్లలను సాకలేవు. ఆదరణ చెట్టునీడను ఇవ్వగలదు. చేపను ఇవ్వవలసినది చెరువే.

ఇక్కడ చట్టం విషయం కూడా గమనింపదగినది. 2017 నాటి చిత్తడి నేలల పరిరక్షణ, నిర్వహణ నియమాలు నీటిపారుదల కోసం ప్రత్యేకంగా నిర్మించిన చెరువులకు వర్తించవు. సీమలో జలపక్షులు ఆధారపడినవి అధికంగా అట్టి చెరువులే. కావున వాటి రక్షణ భారం ఆయకట్టు రైతులపైన, పంచాయతీలపైన, నీటిపారుదల, అటవీ శాఖలపైన ఉన్నది. చెరువు అడుగున కొంత నీటిని మిగల్చడం, నడిగర్భంలోని మెరకలను, నీటిలోని చెట్లను కాపాడడం, మట్టాన్ని మెల్లగా దించడం, ఎగువ వాలును చెడగొట్టకపోవడం వంటి పనులకు పెద్ద ధనం అక్కరలేదు. తూము దగ్గర నిలిచిన నీరుగంటికి పక్షి అవసరం తెలిస్తే చాలు.

ఈ తెలివిడి లెక్కతో మొదలవుతుంది. ఆసియా జలపక్షుల గణన 1987 నుండి ఏటా జనవరిలో జరుగుతున్నది. శాస్త్రవేత్తలతో పాటు సామాన్యులు, విద్యార్థులు అందులో పాల్గొంటున్నారు. ఏ చెరువులో, ఏ తేదీన, ఎంత నీటిలో, ఏ పక్షులు ఎన్ని ఉన్నాయో ఒక పుస్తకంలో ఏటా వ్రాసి ఉంచినచో పదేళ్లకు అదే ఒక విలువైన పరిశోధన. బుచ్చుపల్లె వలె మరొక పక్షుల ఊరు ఆనవాలు లేకుండా పోకుండా నిలుపగలిగినది ఆ లెక్కయే.

కఠిన పదాలు – అర్థాలు

అదను = తగిన సమయం
పదను = తగిన తడి
తూము = చెరువు నీటిని కాలువకు విడిచే ద్వారం
ఆయకట్టు = చెరువు కింద సాగయ్యే భూమి
నీరుగంటి = పొలాలకు నీరు పంచే పనివాడు
మెరక = ఎత్తైన నేల
పాటు = సముద్రపు నీరు వెనుకకు తీయడం
తెరపి నీరు = మొక్కలు కప్పని బయలు నీరు
సమతౌల్యం = సరితూగి ఉండడం

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నీటి లోతుకు, జలపక్షుల ఆహారానికి గల సంబంధాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. పరిశోధన వలన కలిగిన మేలును, పరిశోధన లేనందువలన కలిగిన కీడును తగిన ఉదాహరణలతో తెలపండి.

సంగ్రహ రూప సమాధాన ప్రశ్నలు
1. మిస్సోరి పరిశోధకులు సూచించిన పద్ధతి ఏమిటి?
2. పోరుమామిళ్ల శాసనం పేర్కొన్న దోషం పక్షులకు ఎట్లా మేలు చేస్తుంది?
3. వీరాపురం గ్రామస్థుల ఆదరణకు గల పరిమితి ఏమిటి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. రామ్‌సార్ ఒప్పందం ఏ సంవత్సరంలో కుదిరింది?
2. నేలపట్టు గూడబాతులు మేతకై ఎక్కడికి వెళతాయి?
3. రోళ్లపాడు అభయారణ్యాన్ని ఏ పక్షి కోసం ప్రకటించారు?

సందర్భసహిత వ్యాఖ్యలు
1. ఇంజనీరుకు దోషమైనది పక్షికి ఆశ్రయమవుతున్నది.
2. నీరు కొన్ని రెక్కలను పిలిచింది. కొన్ని రెక్కలను సాగనంపింది.

ప్రాజెక్టు పని
మీ ఊరి చెరువును నెలకొకసారి దర్శించి, నీటిమట్టాన్ని, కనిపించిన పక్షుల సంఖ్యను, అవి నిలిచిన లోతును పట్టికగా వ్రాయండి. ఆరు నెలల తరువాత మీరు గమనించిన మార్పులను తరగతిలో చర్చించండి.